తాతల నాటి కొలెస్ట్రాల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

కొలెస్ట్రాల్ మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే మాట కనబడింది: 'మా వంశంలోనే గుండెజబ్బు ఉంది'. అందుకే తిండి వల్ల పెరిగే కొలెస్ట్రాల్‌ను పక్కనబెట్టి, పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్‌కే ఈ పేజీలు కేటాయించాం.

ప్రశ్న: మా నాయన 44 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అన్నకు 41లో స్టెంట్ వేశారు. నాకు 34. సన్నగా ఉంటాను, ఇంట్లో మాంసం వండరు, సిగరెట్ అలవాటు లేదు. ఎందుకైనా మంచిదని రక్తపరీక్ష చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 342, హెచ్‌డీఎల్‌ 42, ట్రైగ్లిజరైడ్లు 150 వచ్చాయి. 'ఆర్నెల్లు నూనె తగ్గించి చూడు, మాత్రల సంగతి తర్వాత' అన్నారు. ఆగొచ్చా?
(ఒక పాఠకుడు, చంద్రగిరి)

జవాబు: ఆగొద్దు. ముందు మీరు రాయని అంకె ఒకటి లెక్కగడదాం. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ అనే మంచి కొలెస్ట్రాల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) అయిదో వంతునూ తీసేస్తే మిగిలేదే ఎల్‌డీఎల్‌, అంటే చెడు కొలెస్ట్రాల్. 342లో 42 పోతే 300. 150లో అయిదో వంతు 30. అదీ పోతే 270. ట్రైగ్లిజరైడ్లు 400 దాటిన వాళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, ల్యాబ్‌లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలి. పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్‌ 190 దాటితేనే 'ఇది తిండి తెచ్చింది కాదేమో' అని అనుమానించాలి. మీది 270. మీరు సన్నగా ఉండటం, మాంసం ముట్టకపోవడం ఆ అనుమానాన్ని ఇంకా గట్టి చేస్తున్నాయి.

లివరు కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగేసేవి అవే. ఈ సంగతి కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లకు 1985లో నోబెల్ వచ్చింది. వాటిని తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. అందులో ఒకటి చెడిపోతే పనిచేసే రిసెప్టర్లు దాదాపు సగానికి పడిపోతాయి. ఎల్‌డీఎల్‌ రక్తంలోనే పేరుకుంటుంది, అదీ పుట్టిన రోజు నుంచీ. ఈ జబ్బు పేరు ఫెమీలియల్ హైపర్‌కొలెస్టెరొలీమియా, పొట్టిగా ఎఫ్‌హెచ్‌. అరుదేమీ కాదు, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. మందు వాడకపోతే మగవాళ్లలో సగం మందికి 50 ఏళ్లలోపే, ఆడవాళ్లలో నూటికి 30 మందికి 60 లోపే గుండెజబ్బు బయటపడుతుంది. 54 ఏళ్లు వచ్చాక 270కి చేరిన మనిషీ, పుట్టినప్పటి నుంచీ 270తో బతుకుతున్న మీరూ ఒకటి కాదు. మీ రక్తనాళాలు ఇప్పటికే 34 ఏళ్ల వడ్డీ కట్టాయి.

ఎఫ్‌హెచ్‌ను తేల్చడానికి డాక్టర్లు వాడే డచ్ స్కోరు ఒకటుంది. ఎల్‌డీఎల్‌ 251 నుంచి 325 మధ్య ఉంటే 5 మార్కులు. దగ్గరి బంధువుల్లో మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 60 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే 1. ఇప్పటికి మీకు 6. ఆరు నుంచి ఎనిమిదైతే 'ఉండే అవకాశం ఎక్కువ', ఎనిమిది దాటితే 'ఖాయం'. ఇక కాలు చూసుకోండి. మడమ పైనుంచి పిక్క దాకా పోయే మోకులాంటి స్నాయువును (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి కిందనుంచి పైకి తడమండి. మామూలుగా అది సన్నగా, అంచులు సమానంగా తగులుతుంది. ఎఫ్‌హెచ్‌లో లావెక్కి, గుత్తులు గుత్తులుగా చేతికి తగలొచ్చు. చేతివేళ్ల కణుపుల మీద కూడా చూడండి. పిడికిలి బిగించి వదులుతుంటే వేలితోపాటు కదిలే గట్టి బుడిపె ఉంటే అది స్నాయువులో చేరిన కొలెస్ట్రాల్ కావచ్చు. ఈ గడ్డలుంటే 6 మార్కులు. గడ్డలు లేకున్నా, 45 ఏళ్లలోపే కంటి నల్లగుడ్డు అంచు చుట్టూ బూడిదరంగు వలయం ఉంటే 4. ఏమీ కనబడకపోతే జబ్బు లేనట్టు కాదు, చాలామందికి ఉండవు.

మాత్ర మొదలెట్టే ముందు టీఎస్‌హెచ్‌ (థైరాయిడ్ పరీక్ష), షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి. థైరాయిడ్ మందగించినా, కిడ్నీ నుంచి ప్రొటీన్ పోతున్నా, పిత్తం అడ్డుపడినా ఎల్‌డీఎల్‌ ఇలాగే ఎగబాకుతుంది. అప్పుడు వైద్యం వేరు.

మాత్రల లెక్క ఇలా ఉంటుంది. స్టాటిన్లనే రకం మాత్రల్లో అటోర్వాస్టాటిన్ 40 గానీ రోసువాస్టాటిన్ 20 గానీ ఎల్‌డీఎల్‌ను సుమారు సగానికి దించుతాయి: 270 కాస్తా 135. అదే మాత్ర మోతాదు రెట్టింపు చేస్తే ఇంకో 6 శాతమే తగ్గుతుంది, దుష్ఫలితాలు మాత్రం పెరుగుతాయి. అందుకే తెలివైన పని రెండో మందు కలపడం. ఎజెటిమైబ్ 10 మి.గ్రా. పేగులో కొలెస్ట్రాల్‌ను అడ్డుకుని మిగిలినదాంట్లో అయిదో వంతు తీస్తుంది: 135 కాస్తా 108. మీకు గుండెజబ్బు ఇంకా బయటపడలేదు గనుక చేరాల్సింది 70 లోపు. 108 దగ్గర ఆగితే చాలదు. బెంపెడోయిక్ ఆసిడ్ 180 మి.గ్రా. కలిపితే 90 దరిదాపులకు వస్తుంది (యూరిక్ ఆసిడ్, గౌట్ ఉన్నవాళ్లకు జాగ్రత్త). లేదా పీసీఎస్‌కే9 ఇంజెక్షన్‌తో (రిసెప్టర్లు నాశనం కాకుండా కాపాడే మందు) 108 కాస్తా 45 దాకా దిగొచ్చు. మొదలెట్టిన 6 నుంచి 8 వారాలకు మళ్లీ రక్తం ఇచ్చి మోతాదు సరిచేయించుకోండి. ఆర్నెల్లు ఊరకే గడపకూడదన్నది ఇందుకే. నూనె తగ్గించండి, తప్పకుండా. కానీ దాంతో 270 కాస్తా 240 అవుతుంది, 70 కాదు.

మీ అన్నను కూడా ఈ లెక్కలోకి తీసుకురండి. స్టెంట్ వేసినప్పుడు ఆయన ఎల్‌డీఎల్‌ ఎంతో అడగండి. తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ, మీ పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఇది వచ్చే అవకాశం సగానికి సగం.

ప్రశ్న: వయసు 46. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. అప్పుడు ఎల్‌డీఎల్‌ 236, ఇప్పుడు 62. ఇంత తగ్గాక కూడా డాక్టరు గారు మాత్ర తగ్గించలేదు. మరీ తగ్గితే మెదడు దెబ్బతింటుందని మా ఆఫీసులో అంటున్నారు. అసలు బ్లాకు తీసేశాక మాత్ర ఎందుకు?
(ఒక పాఠకుడు, చిత్తూరు)

జవాబు: బ్లాకు తీయలేదు, పక్కకు నొక్కారు. స్టెంట్ ఒక్కచోట, కొన్ని సెంటీమీటర్ల మేర. మీ గుండె మీద మూడు ప్రధాన రక్తనాళాలు, వాటి కొమ్మలూ ఉన్నాయి. 44 ఏళ్లపాటు వాటన్నిటిలోనూ పారింది ఆ 236 రక్తమే.

62 మీ ఒంటి అంకె కాదు, మాత్ర అంకె. ఆపితే నెల తిరక్కుండానే 236 దగ్గరికి పోతుంది. పైగా స్టెంట్ పడిన ఎఫ్‌హెచ్‌ మనిషికి లక్ష్యం 55 లోపు. ఇంకా ఏడు పాయింట్లు బాకీ. ఎజెటిమైబ్ లేకపోతే కలపమని మీరే అడగండి. మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్ తనే తయారుచేసుకుంటుంది, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను అడుక్కోదు. బొడ్డుతాడు రక్తంలో ఎల్‌డీఎల్‌ 50 లోపే ఉంటుంది. ఆ అంకెతోనే కదా బిడ్డ మెదడు ఎదిగేది.

ఉన్న బ్లాకు కరుగుతుందా అని చాలామంది అడుగుతారు. ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. 2016లో వచ్చిన గ్లాగోవ్ అధ్యయనంలో స్టాటిన్‌కు తోడు ఇవోలోకుమాబ్ అనే పీసీఎస్‌కే9 ఇంజెక్షన్ తీసుకున్నవారి ఎల్‌డీఎల్‌ సగటున 37కి దిగింది. ఏడాదిన్నరకు నాళం గోడలో కొవ్వు వాటా తగ్గింది 0.95 శాతమే. స్టాటిన్ ఒక్కటే వాడినవాళ్లలో పెరగలేదు, తగ్గలేదు. చూడ్డానికి చిన్న అంకె. కానీ అసలు లాభం వేరేచోట ఉంది: కొవ్వు ముద్ద మీది పలచటి పొర గట్టిపడుతుంది. గుండెపోటు తెచ్చేది ఆ పొర చిట్లడమే. ఎల్‌డీఎల్‌ ప్రతి 39 పాయింట్లు తగ్గినప్పుడల్లా గుండెపోటు, పక్షవాతం వంటివి అయిదో వంతు తగ్గుతాయని పెద్ద పరీక్షలన్నీ కలిపి లెక్కతేల్చారు. మీరు 174 తగ్గించుకున్నారు.

ఇంకో మాట. గుండెపోటు వచ్చి ఒక రోజు దాటాక తీసిన రక్తంలో ఎల్‌డీఎల్‌ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 'ఆసుపత్రిలో 120యే ఉంది, నాకు కొలెస్ట్రాల్ లేదు' అనుకునేవాళ్లు అక్కడే మోసపోతారు.

ప్రశ్న: నెలకోసారి అలిపిరి మెట్లదారిలో ఆగకుండా కొండెక్కుతాను. ఆయాసం రాదు. ఎల్‌డీఎల్‌ 230 ఉన్నా గుండె గట్టిగా ఉన్నట్టే కదా?
(ఒక పాఠకుడు, 50 ఏళ్లు, తిరుపతి)

జవాబు: 3,550 మెట్లు ఆయాసం లేకుండా ఎక్కారంటే ఈరోజు మీ గుండెకు రక్తం సరిపడా అందుతోందని అర్థం. అంతే. నాళం 70 శాతం దాకా మూసుకుపోతేగానీ చాలామందికి నడకలో నొప్పి రాదు. గుండెపోట్లలో చాలా భాగం అంతకంటే చిన్న ముద్దలు చిట్లి, వాటి మీద రక్తం గడ్డకట్టడం వల్లే వస్తాయి. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్నా ఇదే మాట. కాల్షియం స్కోరు (గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియంను కొలిచే స్కాను) సున్నా వచ్చిందంటే మంచిదే, కానీ వయసులో ఉన్న ఎఫ్‌హెచ్‌ వాళ్లలో మెత్తటి కొవ్వు ముద్దలు ఆ స్కానులో కనబడవు.

కొండ ఎక్కడం మానొద్దు. మాత్ర మొదలెట్టి ఎక్కండి. మెట్ల మీద ఎప్పుడైనా ఛాతీ బిగించినట్టనిపించినా, దవడలోకో ఎడమ చేతిలోకో నొప్పి పాకినా గాలిగోపురం దాకా పోదామని పంతం పట్టొద్దు. ఉన్నచోటే కూర్చుని సాయం అడగండి.

ప్రశ్న: నేను మా మేనమామనే చేసుకున్నాను. మా అమ్మమ్మ, ఆమే నాకు అత్త కూడా, 48 ఏళ్లకు గుండెతోనే పోయింది. మా పాపకు ఏడేళ్లు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, పిరుదుల మీద పచ్చగా బుడిపెలొచ్చాయి. కాల్చి తీసేయొచ్చన్నారు. రక్తపరీక్ష చేస్తే ఎల్‌డీఎల్‌ 540. ఇది నా వల్ల వచ్చిందా?
(ఒక తల్లి, పలమనేరు)

జవాబు: మీ వల్ల అనే మాట ఇక్కడ లేదమ్మా. మీరు రాసిన దాన్నిబట్టి, చెడిన జన్యువు బహుశా మీ అమ్మమ్మ దగ్గర ఉండేది. ఆమె నుంచి కొడుక్కి, అంటే మీ ఆయనకు ఒక దారిలో వచ్చింది. ఆమె నుంచి కూతురికి, అక్కణ్ణుంచి మీకు ఇంకో దారిలో వచ్చింది. మీ ఇద్దరికీ చెరో మంచి జన్యువు ఉంది గనుక పైకేమీ కనబడలేదు. పాపకు రెండు వైపుల నుంచీ చెడిందే వచ్చినట్టుంది. ఒక జన్యువు చెడితే ఎల్‌డీఎల్‌ 200, 300 దగ్గర ఉంటుంది, రెండూ చెడితే 400, 500 దాటుతుంది. ఇది లక్షల్లో ఒకరికి వచ్చేది. మేనరికాలు ఎక్కువున్నచోట దాని వాటా పెరుగుతుంది.

బుడిపెలు కాల్పించొద్దు. అవి చర్మం జబ్బు కాదు, రక్తంలోని కొలెస్ట్రాల్ పొంగి బయట కనబడటం. కాల్చినా మళ్లీ వస్తాయి, ఈలోగా విలువైన నెలలు పోతాయి. ఎల్‌డీఎల్‌ దిగితే అవే కరుగుతాయి.

ఈ వారంలోనే పిల్లల గుండె డాక్టరుకు చూపించండి. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది, మీకు వేలూరు సీఎంసీ కూడా దూరం కాదు. అక్కడ ముందు ఎకో (గుండె స్కానింగ్) అడగండి. ఈ పిల్లల్లో కొలెస్ట్రాల్ గుండె నాళాల్లోనే కాదు, బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం) మొదట్లోనూ, అక్కడి కవాటం మీదా పేరుకుంటుంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి డాక్టరు స్టెతస్కోపు పెట్టగానే మర్మర్ అనే అదనపు చప్పుడు వినబడటం అందుకే. మందు లేకపోతే పదిహేనేళ్ల వయసులోపే గుండెపోటు రావచ్చు. భయపెట్టడానికి కాదు, ఆలస్యం చేయొద్దనే రాస్తున్నాం.

వైద్యం స్టాటిన్, ఎజెటిమైబ్‌లతో వెంటనే మొదలవుతుంది. కానీ స్టాటిన్ పనిచేసేది రిసెప్టర్లను పెంచడం ద్వారా. అసలు రిసెప్టర్లే సరిగా లేనిచోట అది పావు వంతు తగ్గించడమూ గొప్పే. పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లదీ అదే కథ, రిసెప్టర్ కొంచెమైనా మిగిలినవాళ్లకే పనికొస్తాయి. అందుకే ఇలాంటి సందర్భంలో జన్యుపరీక్ష నిజంగా అక్కరకొస్తుంది. తర్వాతి మెట్టు అఫెరిసిస్: డయాలిసిస్ లాగే రక్తాన్ని యంత్రంలోకి పంపి ఎల్‌డీఎల్‌ను వడగట్టడం, వారానికో రెండు వారాలకో ఒకసారి. రిసెప్టర్లతో పనిలేకుండా పనిచేసే లోమిటాపైడ్, ఎవినాకుమాబ్ అనే మందులూ ఉన్నాయి. ఏది ఎక్కడ దొరుకుతుందో, పాప వయసుకు ఏది తగునో ఆ డాక్టర్లను సూటిగా అడగండి. ఆఖరి దారి లివర్ మార్పిడి. 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఈ జబ్బున్న ఆరేళ్ల పాపకు గుండె, లివరు ఒకేసారి మార్చారు. కొత్త లివరుతో కొలెస్ట్రాల్ బాగా పడిపోయింది.

మీరూ మీ ఆయనా ఇద్దరూ లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి, మీకూ మాత్రలు కావాల్సి రావచ్చు. ఇంకో బిడ్డను అనుకుంటే, పాపలాగే రెండు చెడు జన్యువులు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, మీలాగా ఒకటి వచ్చే అవకాశం సగం, ఏదీ రాకపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఇది ప్రతి కాన్పుకూ కొత్తగా పడే పాచిక, మొదటి బిడ్డకు వచ్చేసింది గనుక రెండో బిడ్డకు రాదనేం లేదు.

ప్రశ్న: చెనక్కాయ నూనె వాడొచ్చా? నెయ్యి, గుడ్డు, లడ్డూ ప్రసాదం?
(ఒక పాఠకురాలు, పుత్తూరు)

జవాబు: చెనక్కాయ నూనె వాడండి, మనిషికి నెలకు అర లీటరు దాటకుండా. 'కొలెస్ట్రాల్ లేదు' అని ప్యాకెట్ మీద రాసుంటే మురిసిపోకండి. ఏ గింజ నూనెలోనూ ఆ బెడద ఉండదు, పామాయిల్‌తో సహా. చూడాల్సింది ఎల్‌డీఎల్‌ను పెంచే సాచురేటెడ్ కొవ్వు. చెనక్కాయ నూనెలో అది సుమారు అయిదో వంతు, పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో అరవై శాతం పైన, కొబ్బరినూనెలో ఎనభై దాటుతుంది. కొండ మీంచి వచ్చిన లడ్డూ చిటికెడు కళ్లకద్దుకుని తింటే ఏమీ కాదు. రోజూ సాయంత్రం బండి మీద పామాయిల్‌లో వేగిన బజ్జీలే అసలు దొంగ. రోజుకో గుడ్డు పరవాలేదు. సంగటిలోకి ఊరిబిండి బదులు పప్పు, ఆకుకూర పెంచితే పీచు పెరుగుతుంది. ఎఫ్‌హెచ్‌లో ఇదంతా చేసినా తగ్గేది పది, పదిహేను శాతమే. వెల్లుల్లి, మెంతులు కూరలో వేసుకోండి, మాత్ర బదులు మాత్రం కాదు.

ప్రశ్న: అటోర్వాస్టాటిన్ 40 మొదలెట్టాక తొడలు, పిక్కలు నొప్పులు. నెల నుంచి తామరకు ఇట్రాకొనజోల్ కూడా మింగుతున్నాను. కొలెస్ట్రాల్ మాత్ర మానేశాను.
(ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: అసలు సంగతి రెండో వాక్యంలో ఉంది. ఇట్రాకొనజోల్ లివరులో అటోర్వాస్టాటిన్‌ను కరిగించే ఎంజైమును ఆపేస్తుంది. మీరు మింగింది 40 అయినా ఒంట్లో తిరిగింది దానికి సుమారు మూడు రెట్లు. గొంతునొప్పికి రాసే క్లారిథ్రోమైసిన్ కూడా అంతే. పంపర పనస కూడా ఆ ఎంజైము జోలికే పోతుంది, ఈ మాత్ర వాడేవాళ్లు దాన్ని రోజూ తినకపోవడం మంచిది. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా వాడుతున్న మాత్రల పట్టీ ముందు పెట్టండి.

ఇప్పుడు చేయాల్సింది: రక్తంలో సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైము), క్రియాటినిన్, టీఎస్‌హెచ్‌ చూపించండి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే ఆగకుండా ఆసుపత్రికి పొండి, కండరం కరిగి కిడ్నీ మీద పడుతోందన్నమాట. అది అరుదు. సీకే మామూలు హద్దుకు నాలుగు రెట్లలోపే ఉంటే తామర మందు కోర్సు ముగిశాక, నొప్పులు తగ్గాక, రోసువాస్టాటిన్ 5 మి.గ్రా.తో మళ్లీ మొదలెట్టవచ్చు. దానికి ఆ ఎంజైముతో పెద్ద పని లేదు. అదీ పడకపోతే రోజు విడిచి రోజు వేసి, ఎజెటిమైబ్ కలుపుతారు. గ్యాస్‌కు తాగే తెల్లటి సిరప్‌కూ రోసువాస్టాటిన్‌కూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి, లేకుంటే మాత్ర ఒంటికి పట్టదు.

అందరి నొప్పులూ మాత్రవి కావు. 2020లో వచ్చిన శాంసన్ అధ్యయనంలో, నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. అసలు మాత్రతో వచ్చిన బాధలో తొంభై శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధం కాదు, కారణమే వేరు.

ప్రశ్న: వయసు 28. ఎఫ్‌హెచ్‌కి రోసువాస్టాటిన్ వాడుతున్నాను. ఈ ఏడాది పిల్లల్ని అనుకుంటున్నాం.
(ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: డాక్టరుకు చెప్పి గర్భం కోసం ప్రయత్నించే ఒకటి రెండు నెలల ముందే మాత్ర ఆపండి, ఎజెటిమైబ్ కూడా. అనుకోకుండా నెల తప్పితే అదే రోజు ఆపి చూపించుకోండి, అంతమాత్రానికే గర్భం తీయించుకోవాల్సిన పనిలేదు. పాలిచ్చినన్నాళ్లూ కూడా స్టాటిన్ ఉండదు. ఇలా ఆపిన కాలమంతా మీ రక్తనాళాలు కట్టే వడ్డీ లెక్కలో కలుస్తుంది గనుక కాన్పుకూ కాన్పుకూ మధ్య మళ్లీ వాడటం మరిచిపోవద్దు.

ప్రశ్న: నాకు ఎఫ్‌హెచ్‌ ఉంది. బాబుకు తొమ్మిదేళ్లు. ఇంత చిన్న వయసులో పరీక్ష, మాత్రలు అవసరమా?
(ఒక తండ్రి, నగరి)

జవాబు: పరీక్ష ఇప్పుడే. పరగడుపున అక్కర్లేదు, బడి నుంచి వచ్చాక రక్తం ఇచ్చినా చాలు. మీకు జబ్బు ఉంది గనుక బాబుకు ఎల్‌డీఎల్‌ 160 దాటితే ఉన్నట్టే లెక్క. మాత్ర 8 నుంచి 10 ఏళ్ల మధ్య తక్కువ మోతాదులో మొదలెడతారు. ఎదుగుదల ఆగుతుందన్న భయం నిజం కాదని తేలింది. నెదర్లాండ్స్‌లో 8 నుంచి 18 ఏళ్ల మధ్య స్టాటిన్ మొదలెట్టిన ఎఫ్‌హెచ్‌ పిల్లల్ని 20 ఏళ్లపాటు గమనించి 2019లో ఫలితాలు చెప్పారు. 39 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో నూటికి ఒకరికే గుండెజబ్బు వచ్చింది. అదే జబ్బున్న వాళ్ల తల్లిదండ్రుల్లో, ఆ వయసుకే నూటికి 26 మందికి వచ్చింది. ఒకే జన్యువు, తేడా మందు మొదలెట్టిన వయసు. ఈసారి లిపిడ్ ప్రొఫైల్‌తోపాటు లైపోప్రొటీన్-ఎ (ఎల్‌డీఎల్‌ లాంటిదే, పుట్టుకతో వచ్చే ఇంకో కొవ్వు కణం) కూడా ఒక్కసారి చూపించండి. అది జీవితంలో ఒకసారి చూస్తే చాలు, పెద్దగా మారదు. 50 మి.గ్రా. దాటితే ముప్పు ఇంకాస్త ఎక్కువని తెలుసుకుని ఎల్‌డీఎల్‌ను ఇంకాస్త కిందికి పట్టాలి.

ప్రశ్న: నాకు ఎల్‌డీఎల్‌ 248. మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు, వాడి రిపోర్టులో ఎల్‌డీఎల్‌ 6.2 అని మాత్రమే ఉంది. వాడికి నా జబ్బు రాలేదని ఊపిరి పీల్చుకున్నాం. మీరూ ఒకసారి చూసి చెప్పండి.
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: అక్కడ కొలత వేరు, మిల్లీమోల్స్‌లో రాస్తారు. మన మిల్లీగ్రాముల లెక్కలోకి మార్చాలంటే 38.67తో గుణించాలి. 6.2 అంటే సుమారు 240. ఈ రాత్రే ఫోన్ చేయండి.